వెనక మెట్ల బీగంచెవి

ఈ ఉదయం మా అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర మాడిన గుడ్డ వాసన వచ్చింది. సర్జాపుర రోడ్డు మీద ఈ భవనంలోకి మేము వచ్చి చాలా కాలమైంది. కింద సెల్లారులో ఇస్త్రీ చేసే అతను ఎవరి చీర అంచో కాస్త కాల్చి ఉంటాడని, అంతకు మించి ఏమీ ఉండదని నాకు తెలుసు. అయినా చేతిలోని కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టానో తెలియదు. కుడి చెయ్యి దానంతటదే ప్యాంటు జేబులోకి పోయి వెతకడం మొదలుపెట్టింది. జేబులో ఏమీ లేదు. ఏమీ ఉండదని తెలిసి కూడా, అది ఖాళీగా తగిలినప్పుడల్లా మెడ వెనక చల్లబడుతుంది. నా భార్య గుమ్మంలోకి వచ్చి చూసి, "ఇస్త్రీ వాసనండీ, లోపలికి రండి" అంది. ఆమెకు ఇది అలవాటే. నేను లోపలికి పోలేదు. మెట్ల మీదుగా పైదాకా ఎక్కి, ప్రతి అంతస్తులోనూ మెట్ల తలుపును భుజంతో నెట్టి చూసి, అన్నీ తెరుచుకుంటున్నాయని నమ్మకం కుదిరాక దిగివచ్చాను. పై అంతస్తు పిల్లలు నాకు మెట్ల అంకుల్ అని పేరు పెట్టారు. పెట్టుకోనీ. ఆ వాసన వచ్చిన రోజంతా నాతోపాటు వనజాక్షమ్మగారు నడుస్తూ ఉంటారు. నెట్టిన ప్రతి తలుపు దగ్గరా ఆమె ఏమంటారోనని వింటూ ఉంటాను.

వనజాక్షమ్మగారు ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. యశ్వంతపురం వెనక వీధుల్లో ఆమెకు ఒక చిన్న మేడ ఉండేది. కింద తాను ఉంటూ పైగది అద్దెకిచ్చేవారు. వాళ్ళ కుటుంబం కొన్ని తరాల కిందట వచ్చి బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్ళు. క్లాసులో గీత గీసినట్టు ఇంగ్లీషు మాట్లాడేవారని ఆమె పాత విద్యార్థినులు చెప్పేవారు. ఇంట్లో మాత్రం 'ఉండాది', 'చేసేకి' అంటూ సగం కన్నడం కలిసిన పాత బెంగళూరు తెలుగు. హిందూపురం నుంచి వచ్చిన నాకు ఆ మాట వింటే సొంతవాళ్ళ మధ్య ఉన్నట్టే అనిపించేది. దొడ్డబళ్ళాపురం వెళ్ళే దారిలో ఉన్న ఒక బట్టల ఫ్యాక్టరీలో నేను ఫ్లోర్ ఇన్‌ఛార్జిని. మూడో అంతస్తు నాది. మిషన్ల ముందు వరసలు వరసలుగా ఆడవాళ్ళు కూర్చుని విదేశాలకు పోయే చొక్కాలు కుట్టేవారు. పైకి ఎదగాలంటే డిగ్రీ కావాలన్నారు. దూరవిద్యలో చేరాను. అందులో ఒక పేపరు అమెరికా చరిత్ర, ఇరవయ్యో శతాబ్దం మొదటి రోజులు. ఆ పుస్తకం తెరిస్తే నిద్ర వచ్చేది. ఇంటామె కాలేజీలో చెప్పింది అదేనని తెలిసి నోట్సు అడగడానికి దిగి వెళ్ళాను.

"నోట్సు ఇస్తే పాసవుతావు. సుమ్నే, ఊరికే పాసయ్యి ఏం చేస్తావు?" అన్నారు చిక్కుడుకాయలు ఒలుస్తూ. "సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చినాక రా. మాట్లాడుకుందాం. చిక్కుడుకాయలు ఒలిచేకి వస్తాదా నీకు?"

వస్తుందన్నాను. అలా మొదలైంది. ఆమె పాఠం చెప్పే పద్ధతి నేనెక్కడా చూడలేదు. తారీఖులు అడిగేవారు కాదు. ఒక దృశ్యాన్ని కళ్ళముందు నిలబెట్టి, చివర ఒకే ప్రశ్న వేసేవారు. మొదటిరోజు ఓడల గురించి చెప్పారు. ఊళ్ళలో బతుకు లేక ఓడెక్కి అమెరికా రేవులో దిగిన జనం, మూటలు, బిడ్డలు, అర్థంకాని భాషలు. "వరసలో నిలబెట్టినారు. డాక్టరు ఒక్కొక్కరి కండ్లు చూస్తాడు, నడక చూస్తాడు. అనుమానమొస్తే కోటు మీద సుద్దముక్కతో గుర్తు పెడతాడు. గుర్తు పడిందా, పక్కకి లాగుతారు. ఇప్పుడు చెప్పు. నువ్వెక్కడ నిలబడిండావప్పా?"

"వరసలోనే అమ్మా. నేనూ ఊరు వదిలొచ్చినవాణ్ణే కదా."

"సరే, నిలబడు" అని నవ్వారు.

ఇంకోరోజు ఓటు హక్కు కోసం ఆడవాళ్ళు చేసిన ఊరేగింపు. నేను ఫుట్‌పాత్ మీద నిలబడి చప్పట్లు కొడుతున్నానని చెప్పాను. ఆమె ఒలుస్తున్న కాయ పక్కన పెట్టి పగలబడి నవ్వారు. "అయ్యో నాయనా, ఆ ఫుట్‌పాత్ మీది మగోళ్ళు చప్పట్లు కొట్టలేదప్పా, బూతులు తిట్టినారు, తోసినారు. నువ్వొక్కడివే చప్పట్లు కొడితే నిన్నూ తోసింటారు." మరోరోజు ఒక కార్ల కంపెనీ కథ. ఉన్నట్టుండి కూలి బాగా పెంచింది. కానీ పెంచిన కూలి కావాలంటే కంపెనీ మనుషులు ఇంటికొచ్చి చూస్తారు, ఇల్లు శుభ్రంగా ఉందా, తాగుతున్నాడా, ఇంట్లో అద్దెకు ఎవరినైనా పెట్టుకున్నాడా అని. నువ్వెక్కడున్నావని అడిగితే, లోపల భయపడుతూ కూర్చున్న కూలివాణ్ణి అన్నాను.

ఈసారి ఆమె నవ్వలేదు. "ఇన్నేండ్లు పాఠం చెప్పినాను. తలుపు కొట్టింది నేనే మిస్ అని ఒక్క పిల్ల కూడా అనలేదప్పా. అందరూ లోపలే ఉంటారు. మరి ఆ తలుపు కొట్టిందెవరు?"

పరీక్షకు ఇది పనికొస్తుందా అని ఆలోచిస్తూ ఆ మాటను అక్కడే వదిలేశాను. తరవాత అది నన్ను వదల్లేదు.

మా ఫ్యాక్టరీ సంగతి ఇక్కడ చెప్పాలి. మూడో అంతస్తుకు రెండు దారులు. ముందువైపు వెడల్పాటి మెట్లు, వెనకవైపు ఒక ఇనుప తలుపు, దాని అవతల ఇరుకు మెట్లు. ఎవరో చొక్కాలు సంచిలో పెట్టుకుని వెనక మెట్ల మీదుగా దాటిస్తున్నారని మేనేజరుకు అనుమానం వచ్చింది. అప్పటినుంచి వెనక తలుపుకు తాళం. అందరూ ముందు మెట్లు దిగి, గేటు దగ్గర సంచులు విప్పి చూపించి పోవాలి. తాళంచెవి ఇన్‌ఛార్జి దగ్గర, అంటే నా జేబులో. పోకుండా ఉండాలని దానికి ఎర్రదారం కట్టుకున్నాను. బయ్యర్ల తరఫున ఆడిట్‌వాళ్ళు వచ్చే రోజున తలుపు బార్లా తీసి, పైమెట్టు ఊడ్పించి, పక్కన అగ్గి ఆర్పే సిలిండరు పెట్టేవాళ్ళం. వాళ్ళు తలుపులోంచి తొంగిచూసి పోయేవారు. వాళ్ళ కారు గేటు దాటగానే మళ్ళీ తాళం. మావైపు తాళాన్ని బీగమనీ, తాళంచెవిని బీగంచెవి అనీ అంటారు. కదిరి నుంచి, మడకశిర నుంచి వచ్చిన టైలర్లు నాకు పేరు పెట్టేశారు. నేను వరసల మధ్య నడిస్తే, "బీగమన్న వచ్చినాడు, దారి ఇడవండే!" అని ఒకామె, "మనల్ని కూడా బీగమేసి జేబులో పెట్టుకుంటాడేమో" అని ఇంకొకామె. మిషన్ల చప్పుడులో నవ్వులు. నేనూ నవ్వేవాణ్ణి. తాళం వేయడం నా పనిలో భాగమనిపించింది. సాయంత్రం ఇంటికొచ్చి చిక్కుడుకాయలు ఒలుస్తూ అమెరికా కూలివాళ్ళ పక్కన నిలబడేవాణ్ణి.

ఒక వానరోజు సాయంత్రం వనజాక్షమ్మగారు ఆ అగ్నిప్రమాదం గురించి చెప్పారు. న్యూయార్క్‌లో ఒక ఎత్తైన భవనం, పై అంతస్తుల్లో రవికెలు కుట్టే ఫ్యాక్టరీ. కుట్టేవాళ్ళలో ఎక్కువమంది ఓడ దిగి వచ్చిన కుటుంబాల ఆడపిల్లలు. ఇంట్లో ఒక భాష, పనిలో ఒక భాష. "ఇంకాసేపట్లో ఇంటికి పోవాల. అంతలో కత్తిరించిన గుడ్డ ముక్కల తొట్టిలో నిప్పు. ఒక పక్క మెట్ల నిండా మంట. ఇంకో పక్క తలుపు ఉండాది. అది బీగమేసుండాది. ఎందుకో తెలుసునా? సంచులు చూసేకి. ఒక్క తలుపులోనే అందరూ పోవాలని." ఆమె గొంతు మెల్లబడింది. "నిచ్చెనలు ఆ ఎత్తుకి అందలేదు. పిల్లలు కిటికీల్లోకి వచ్చి నిలబడినారు. కింద రోడ్డు మీద జనం, దూకొద్దు దూకొద్దని అరుస్తా ఉండారు."

నా తొడకు జేబులోని తాళంచెవి నొక్కుకుంటోంది. అది వేడెక్కినట్టు అనిపించింది. నిజంగానే చెబుతున్నాను, చెయ్యి పెట్టి చూసుకోవాలనిపించింది, పెట్టలేకపోయాను.

"బీగంచెవి ఎవరి దగ్గర ఉండిందమ్మా?" అని అడిగాను.

"మేస్త్రీ దగ్గర. వాడు ముందే వేరే దారిలో బయటపడినాడంట. చట్టాలన్నీ ఆ తరవాత వచ్చినాయప్పా. తలుపు వేయకూడదు, దారి అడ్డం పెట్టకూడదు, అన్నీ. చట్టం ఎప్పుడూ వెనక వస్తాది. ముందు పొగ వస్తాది." అలవాటుగా అడిగారు. "నువ్వెక్కడ నిలబడిండావప్పా?"

"కిటికీ దగ్గర. ఆ పిల్లల పక్కన" అన్నాను. నోటికి అదే వచ్చింది.

ఆమె నన్ను పరకాయించి చూశారు. "మీ ఫ్యాక్టరీలో తలుపులు ఎట్లుంటాయి?"

"తెరిచే ఉంటాయమ్మా. ఇప్పుడంతా రూల్సు గట్టిగా ఉన్నాయి."

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. ఆమె తల ఊపి, "మంచిది. నూరేండ్ల కిందట ఆ పిల్లలు పోయింది ఊరికే కాలేదు" అన్నారు. ఆ ముఖంలో తృప్తి కనిపించింది. ఇప్పుడైనా చెప్పెయ్యాలనుకున్నాను. చెబితే రేపటినుంచి చిక్కుడుకాయల దగ్గర నా చోటు ఏమవుతుందని కూడా అనుకున్నాను.

ఆ అబద్ధం అంతటితో ఊరుకోలేదు. ఆమె ఇంట్లో గిన్నెలు తోమే మునెమ్మ, కొడుకు కట్టడం పనిలో కిందపడి కాలు విరగ్గొట్టుకుని మంచాన ఉంటే, కోడలు భాగ్యకు ఎక్కడైనా పని చూపించమని అడుగుతోంది. భాగ్యకు కుట్టు వచ్చు. బట్టల ఫ్యాక్టరీలంటే మునెమ్మకు భయం. వనజాక్షమ్మగారు నా ముందే ఆమెకు ధైర్యం చెప్పారు. "సుధాకర్ ఉండాడు కదే. వీళ్ళ ఫ్యాక్టరీలో తలుపులు తెరిచే ఉంటాయంట. వాని మాట మీద నేను పంపిస్తా ఉండాను." మునెమ్మ నా వైపు తిరిగి, "నీ చెల్లెలనుకో నాయనా" అంది. నేను తల ఊపాను. ఆ రోజు తల ఊపిన మనిషిని ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

భాగ్యకు మూడో అంతస్తులోనే పని దొరికింది. ఖాళీగా ఉన్న మిషన్ వెనక తలుపుకు దగ్గరది. భోజనాల వేళ ఆమె ఆ తలుపు దగ్గర నిలబడి తాళాన్ని చూస్తుండగా నేను అటు వెళ్ళాను.

"అన్నా, ఇది తెరిచే ఉంటాదని అమ్మగారు చెప్పిరి."

"లోడు వచ్చినప్పుడు మాత్రం వేస్తాం భాగ్యా."

"ఊఁ." తాళాన్ని ఒకసారి వేలితో ఊపింది. "లోడు దినమూ వస్తాదేమో." అంతే. పోయి మిషన్ ముందు కూర్చుంది. ఇంటికెళ్ళి అమ్మగారికి చెప్పేస్తుందని ఆ సాయంత్రం మెట్లెక్కడానికే భయపడ్డాను. ఆమె చెప్పలేదు. ఆ తరవాత కూడా చెప్పలేదు.

అప్పటినుంచి నా భయానికి ఒక ముఖం వచ్చింది, భాగ్యది. జనరేటరు మొదలవగానే ఉలిక్కిపడేవాణ్ణి, ఇస్త్రీ బల్లల దగ్గర ఆవిరి లేస్తే పరిగెత్తి వెళ్ళి చూసేవాణ్ణి. ఫ్యాను మీద నూలుదుమ్ము పేరుకుంటే నిలబడి తుడిపించేవాణ్ణి. కత్తిరించిన ముక్కల గుట్ట పక్కన ఎవరైనా అగ్గిపెట్టె తీస్తే అరిచేసేవాణ్ణి. జేబులో తాళంచెవి ఉందో లేదో మాటిమాటికీ తడుముకునేవాణ్ణి. ఒకసారి ధైర్యం చేసి మేనేజరు గదికి వెళ్ళాను. "సార్, వెనక తలుపు..." అన్నాను. ఆయన తలెత్తకుండానే, "కీ నీ జేబులోనే ఉంది కదయ్యా? నువ్వు ఫ్లోర్ మీదే కదా ఉంటావు? ఏమన్నా అయితే తీస్తావు. ఇంక భయమేంటి నీకు? టార్గెట్ చూసుకో పో" అన్నాడు. సిగ్గుతో చెబుతున్నాను, ఆ మాట నాకు ఊరటనిచ్చింది. అవును కదా, నేనుంటాను కదా, తీస్తాను కదా అనుకుంటూ తిరిగొచ్చాను. మంటకు భయపడ్డాను, మేనేజరుకూ భయపడ్డాను. మంట రోజూ రాదు, మేనేజరు రోజూ ఎదురుపడతాడు.

ఒకనాడు బయ్యర్ కంపెనీ పెద్దలు వస్తున్నారని, అందరూ నీటుగా రావాలని చెప్పారు. కొత్త ప్యాంటు వేసుకున్నాను. రోజూ వేసుకునేదాన్ని, ఇస్త్రీ అతను వస్తే ఇవ్వమని కింద వనజాక్షమ్మగారి వరండాలో పెట్టి వెళ్ళాను. వచ్చేవాళ్ళు ఆఫీసు గదులకే పరిమితమన్నారు కాబట్టి వెనక తలుపు తెరవమని ఎవరూ అడగలేదు. మధ్యాహ్నం ముందు మెట్ల పక్కనున్న ఇస్త్రీ బల్లల దగ్గర పెద్ద చప్పుడు. ఆవిరి గొట్టం పగిలింది. తెల్లటి ఆవిరి బుసకొడుతూ ముందు మెట్ల దారినంతా కప్పేసింది. ఎవరో "పొగ! పొగ!" అన్నారు. ఆ ఒక్క మాటతో మూడో అంతస్తు మొత్తం కుర్చీలు తన్నుకుంటూ వెనక తలుపు మీద పడింది.

"అన్నా, బీగం తియ్యి! బీగమన్నా!" ఎప్పుడూ ఎగతాళిగా పిలిచే ఆ పేరు అప్పుడు ఏడుపుగా వినిపించింది. జేబులో చెయ్యి పెట్టాను. మెత్తటి కొత్త గుడ్డ. ఎడమ జేబు. చొక్కా జేబు. మళ్ళీ కుడి జేబు. వరండాలో మడత పెట్టి ఉన్న పాత ప్యాంటు కళ్ళముందు కనిపించింది. నా ముఖం చూసి ముందువాళ్ళకు అర్థమైపోయింది. వెనకవాళ్ళకు తెలియదు, వాళ్ళు తోస్తూనే ఉన్నారు. అందరికంటే ముందు తలుపు దగ్గర ఉన్నది భాగ్య. అది లోపలికి తెరుచుకునే తలుపు. సందులో వేళ్ళు దూర్చి ఆమె లాగుతుంటే గుంపు ఆమెను తలుపుకేసి నొక్కేసింది. ఆమె అరుపు మాత్రం నాకు విడిగా వినిపించింది.

ఎవరో కింద ఆవిరి కట్టేశారు. తెల్లదనం మెల్లగా పలచబడింది. ముందు మెట్లు కనిపించాయి. మంట లేదు, పొగ లేదు. ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు, కొందరు అక్కడే కూలబడ్డారు. భాగ్య కుడిచేతి వేళ్ళు నలిగి, కొంగులో చుట్టుకుని, నన్ను చూస్తోంది.

తప్పించుకోవడానికో, డాక్టరును పిలవడానికో ఇప్పటికీ తేల్చుకోలేను, నేను ముందు మెట్లు దిగి గేటు దాకా పరిగెత్తాను. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఒక ముసలావిడ చేతిసంచి విప్పి చూస్తున్నాడు. వనజాక్షమ్మగారు. చీర చెంగు నలిగి ఉంది, ఊపిరి ఎగబోస్తోంది. ఆమె అరచేతిలో ఎర్రదారం.

తరవాత తెలిసింది. ఇస్త్రీ అతను ప్యాంటు జేబులో తాళంచెవి ఉందని తీసి ఇచ్చాడట. గిన్నెలు తోముతున్న మునెమ్మ దాన్ని చూసి, "ఇదేనమ్మా ఆ వెనక తలుపు బీగంచెవి. ఎర్రదారం కట్టింటాదని కోడలు చెప్పింది. మీకు చెప్పొద్దనింది, పని పోతాదని" అని బయటపెట్టిందట. వనజాక్షమ్మగారు చెప్పులేసుకుని అలాగే బయల్దేరారు.

తాళంచెవి నా చేతిలో పెట్టి, "పోయి తీ ముందు" అన్నారు.

"అమ్మా, అంతా అయిపోయింది. మంట కాదు..."

"తియ్యప్పా."

పైకి వెళ్ళాను. ఆమె రెయిలింగు పట్టుకుని మెల్లగా నా వెనకే ఎక్కారు. ఆడవాళ్ళందరూ చూస్తుండగా తాళం తీసి తలుపు లాగాను. తలుపు అవతల మెట్లు లేవు. ఉన్నాయి కానీ కనిపించలేదు. కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కల మూటలు కిందినుంచి పైకప్పు దాకా కుక్కి ఉన్నాయి. ఎలాగూ తాళం వేసే ఉంటుంది కదా అని కిందివైపు నుంచి ఎవరో ఆ మెట్లను గోదాముగా వాడేసుకున్నారు. అంతకుముందు ఆడిట్‌కు తీసి మళ్ళీ వేసిన తరవాత నేను అటు తొంగి కూడా చూడలేదు. అంటే, తాళంచెవి నా జేబులో ఉన్నా, నేను పరిగెత్తి వచ్చి తీసి ఉన్నా, ఆ తలుపు ఎటూ పోనిచ్చేది కాదు. మంట ఆ మెట్లలో పుట్టి ఉంటే... ఆ వాక్యాన్ని నేను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చివరిదాకా ఆలోచించలేకపోయాను.

వనజాక్షమ్మగారు చెయ్యి చాపి ఒక మూటను తాకారు. "ఎప్పటినుంచి ఉండాది ఇది?"

"తెలీదమ్మా."

"తెలీదా" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. వెనక్కి తిరిగి భాగ్య దగ్గరికి వెళ్ళి, ఆమెను పొదివి పట్టుకుని మెట్లు దిగించారు.

భాగ్య రెండు వేళ్ళు మళ్ళీ వంగలేదు. ఆస్పత్రిలో ఆమె మంచం పక్కన నిలబడి క్షమించమని అడిగాను. "నేను తెలిసే వస్తిని అన్నా. ఇల్లు జరగాల కదా" అంది కళ్ళు మూసుకునే. "నాకు చెప్పేకి భయం, పని పోతాదని. నీకేం భయమో, అదే తెలీలేదు." ఈ వ్యాసం రాస్తున్నది కూడా దానికి జవాబు వెతుకుతూనే అనుకుంటాను.

కొద్దిరోజులు మెట్లు శుభ్రంగా ఉన్నాయి. తరవాత మేనేజరు కొత్త తాళం తెచ్చి, తాళంచెవి నా ముందు పెట్టాడు. నేను తీసుకోలేదు. కింది అంతస్తు ఇన్‌ఛార్జి తీసుకున్నాడు. ఆ రోజే ఉద్యోగం మానేశాను. ఏదో గెలిచినవాడిలా ఇంటికొచ్చి వనజాక్షమ్మగారికి చెప్పాను. ఆ ప్రమాదం జరిగినప్పటినుంచే మా సాయంత్రాలు ఆగిపోయి ఉన్నాయి. పరీక్షకు కావలసిన పుస్తకాలు నా గుమ్మం ముందు పెట్టించేవారు, అంతే. ఆ రోజు గుమ్మంలోనే నిలబెట్టి విన్నారు.

"మానేసినావా. తలుపు తెరుచుకుందా మరి?"

"లేదమ్మా. కొత్త తాళం వేశారు."

"అయితే నువ్వు వేరే దారిలో బయటపడినావు. అంతేనప్పా."

ఆ వానరోజు మేస్త్రీ గురించి చెప్పిన మాటే అది. 'వాడు' ఒక్కటే 'నువ్వు' అయింది. ద్వారబంధం పట్టుకున్నాను. "ఏం చెయ్యమంటారు?" అన్నాను.

"నేనూ భాగ్యా రేపు లేబర్ ఆఫీసుకి పోతా ఉండాము. బస్సులో చోటు ఉంటాది."

మరునాడు ఆ ఆఫీసు బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని భాగ్య, మధ్యలో ఆమె, ఈ చివర నేను. ఎదురుగా తలుపు ఉంది, లేచి వెళ్ళిపోవచ్చు. ఈ రంగంలో మళ్ళీ ఎవరూ పని ఇవ్వరు, పోలీసుల దాకా పోతుంది, ఊళ్ళో నాన్నకు ఏమని చెప్పాలి. ఆ ఆవిరి మధ్యలో కూడా నేను అంత భయపడలేదు. అధికారి భాగ్య చెప్పిందంతా విని, "యారు బీగ హాకిద్దు?" అని కన్నడంలో అడిగాడు. ఎవరు తాళం వేసింది? భాగ్య నేల చూసింది. వనజాక్షమ్మగారు మెల్లగా తల తిప్పి నన్ను చూశారు. పెదవులు కదల్లేదు కానీ ఆ ప్రశ్న నాకు వినిపించింది. నువ్వెక్కడ నిలబడిండావప్పా?

"నేనే సార్. రోజూ నేనే" అన్నాను.

తనిఖీ జరిగింది. ఆ తలుపును చట్రంతో సహా తీయించారు. మేనేజరు మారాడు. ఇవి ఘనకార్యాలు కావు. నేను ఆ మాట మొదటిరోజే చెప్పి ఉంటే భాగ్య వేళ్ళు ఇప్పటికీ సూదిలో దారం ఎక్కించేవి. ఆమె తరవాత వనజాక్షమ్మగారి దగ్గరే ఉండి చివరిదాకా చూసుకుంది. నేను ఆ పేపరు పాసయ్యాను. మార్కులు చూపించడానికి వెళితే అమ్మగారు నా తలమీద చెయ్యి పెట్టారు, కాఫీ ఇచ్చారు. కానీ ఆ తరవాత ఎన్నిసార్లు మాట్లాడుకున్నా, ఏ కథ చెప్పినా, ఆ ప్రశ్న మాత్రం నన్ను మళ్ళీ అడగలేదు. అడగరా అని ఎదురుచూసేవాణ్ణి. ఆమె పోయాక కూడా ఎదురుచూడటం ఆగలేదు.

ఇప్పుడు నా పని బట్టల ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరే ఇన్‌ఛార్జులకు భద్రత గురించి చెప్పడం. చాలామంది మావైపు నుంచి వచ్చిన కుర్రవాళ్ళే, కొత్త చొక్కాలు, జేబులో పెన్నులు. నియమాల పుస్తకం తెరవకముందే ఆ న్యూయార్క్ మధ్యాహ్నం గురించి చెబుతాను. గుడ్డముక్కల తొట్టి, సంచుల తనిఖీ, తలుపు, కిటికీలు. చివర అడుగుతాను, నువ్వెక్కడ నిలబడి ఉన్నావని. కిటికీ దగ్గర సార్, ఆ పిల్లల పక్కన సార్, నిచ్చెన పట్టుకుని కింద ఉన్నాను సార్. ఒక్కొక్కరే చెబుతారు, నిజంగా నమ్మి చెబుతారు. అందరూ చెప్పడం అయ్యేదాకా ఆగుతాను. "తలుపు దగ్గర ఎవరూ లేరా? బీగంచెవి ఎవరి దగ్గరుంది?" అని అడుగుతాను. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. అప్పుడు నేను చెయ్యి ఎత్తుతాను.